స్రెబ్రెనిత్సా నివేదిక, బ్రాహిమీ నివేదిక: ఒక విమర్శ

ఐక్యరాజ్య సమితి ఏటేటా వెలువరించే పత్రాలు లెక్కకు మిక్కిలి. వాటిలో అధిక భాగం అల్మారాలకే పరిమితమవుతాయి. ఒక గ్రంథాన్ని చదివినట్లు ఆద్యంతం చదివి, మంచిచెడ్డలు తూచి చూడదగినవి బహు కొద్ది. అట్టివాటిలో రెండింటిని ఈ వ్యాసంలో పరిశీలిస్తున్నాము. మొదటిది, 1999 నవంబరులో ప్రధాన కార్యదర్శి కోఫీ అన్నన్ సర్వప్రతినిధి సభకు సమర్పించిన స్రెబ్రెనిత్సా పతన నివేదిక. రెండవది, 2000 ఆగస్టులో వెలువడిన, శాంతి కార్యకలాపాలపై నిపుణుల సంఘం నివేదిక. ఆ సంఘానికి అధ్యక్షులు అల్జీరియా మాజీ విదేశాంగ మంత్రి లఖ్దర్ బ్రాహిమీ కావడం చేత అది బ్రాహిమీ నివేదికగా ప్రసిద్ధి చెందినది.

ఈ రెండింటికీ మధ్య వ్యవధి తొమ్మిది నెలలు. రెండూ ఒకే సంస్థ నుండి, ఒకే ప్రధాన కార్యదర్శి కాలంలో వచ్చినవి. రెండింటి ముందూ ఉన్న ప్రశ్న కూడా ఒకటే: నిరాయుధులైన ప్రజలపై మారణకాండ జరుగబోతున్నదని తెలిసినప్పుడు, దానిని ఆపడానికి ప్రపంచ దేశాలు సిద్ధంగా ఉన్నవా? కాని ఆ ప్రశ్నకు రెండు నివేదికలూ ఇచ్చే జవాబులు వేరు. లోపం ఆలోచనలోనే ఉన్నదని మొదటిది చెబుతుంది. లోపం ఏర్పాట్లలో ఉన్నదని రెండవది చెబుతుంది. ఈ భేదాన్ని పండితుల వాగ్వివాదంగా త్రోసిపుచ్చడానికి వీలు లేదు. రేపు మరొక పట్టణం ముట్టడిలో పడితే, అక్కడి ప్రజల ప్రాణాలు ఈ రెండు జవాబులలో దేనిని ప్రపంచం నమ్మినదన్న దానిపైనే ఆధారపడి ఉంటాయి.

జరిగినది ఏమిటి?

పాఠకుల సౌకర్యార్థం ముఖ్య విషయాలను క్లుప్తంగా జ్ఞాపకం చేయవలసి ఉన్నది. తూర్పు బోస్నియాలోని స్రెబ్రెనిత్సా, సెర్బు సైన్యాల ముట్టడిలో చిక్కిన ఒక చిన్న పట్టణం. చుట్టుపక్కల గ్రామాల నుండి తరిమివేయబడిన బోస్నియా ముస్లిములు వేలాదిగా అక్కడికి చేరారు. 1993 మార్చిలో సమితి దళాల సేనాని, ఫ్రెంచి జనరల్ ఫిలిప్ మొరియాఁ ఆ పట్టణానికి వెళ్ళి, ప్రజల మధ్య నిలబడి, మీరు సమితి రక్షణలో ఉన్నారని ప్రకటించారు. ఏప్రిల్ 16న భద్రతా సమితి తన 819వ తీర్మానం ద్వారా స్రెబ్రెనిత్సాను సురక్షిత ప్రాంతమన్నది. మే నెలలో సరాయెవో, తుజ్లా, జెపా, గోరాజ్దె, బిహాచ్ పట్టణాలకు కూడా అదే పేరు పెట్టినది.

పేరు పెట్టడం తేలిక. ఆ పేరును నిలబెట్టేందుకు సుమారు 34,000 మంది సైనికులు కావాలని సైనికాధికారులు అంచనా వేశారు. సభ్య దేశాలు అంతమందిని పంపడానికి ఇష్టపడలేదు. చివరకు 1993 జూన్‌లో 7,600 మందితో సరిపెట్టుకొనే 'తేలిక' మార్గాన్ని భద్రతా సమితి అంగీకరించినది. ఆ కొద్దిమంది చేరడానికి కూడా నెలల తరబడి కాలం పట్టినది. స్రెబ్రెనిత్సాలో మొదట కెనడా సైనికులు, 1994 ఆరంభం నుండి డచ్చి సైనికులు ఉన్నారు. 1995 జూలై నాటికి అక్కడ మిగిలిన డచ్చి సైనికులు సుమారు 400 మంది. సెలవుపై వెళ్ళిన వారిని తిరిగి రానీయకుండా, ఇంధనం చేరనీయకుండా సెర్బు సైన్యం దారులు మూసివేసినది.

1995 జూలై 6న దాడి మొదలైనది. 11వ తేదీన పట్టణం జనరల్ రత్కో మ్లాదిచ్ వశమైనది. పొటోచారిలోని డచ్చి స్థావరానికి ఇరవై వేల మందికి పైగా శరణార్థులు పరుగెత్తారు. కొన్ని వేల మందికే లోపల చోటు దొరికినది. తరువాత వారిని కూడా బయటకు పంపివేశారు. కొద్ది రోజులలో 8,000 మందికి పైగా పురుషులు, బాలురు చంపబడ్డారు. ఇది జాతి సంహారమని హేగ్‌లోని అంతర్జాతీయ నేర న్యాయస్థానం 2001లో తీర్పు చెప్పగా, 2004లో అప్పీలులో అది స్థిరపడినది. 2007లో అంతర్జాతీయ న్యాయస్థానం కూడా అదే నిర్ణయానికి వచ్చినది. మ్లాదిచ్‌కు విధించిన యావజ్జీవ శిక్ష 2021లో ఖాయమైనది.

మొదటి నివేదిక గొప్పతనం

స్రెబ్రెనిత్సా నివేదికలో ఐదు వందలకు పైగా పేరాలున్నవి. వానిలో అత్యధిక భాగం కేవలం కథనం. ఏ రోజున ఎవరు ఎవరికి ఏమి వ్రాశారు, విమాన సహాయానికి ఎవరు ఎన్నడు అడిగారు, ఎవరు ఎందుకు నిరాకరించారు అన్నది తేదీల వారీగా సాగుతుంది. ప్రభుత్వ పత్రాలకు అలవాటైన దాటవేత ఇందులో తక్కువ. విమాన దాడికి సమితి, నాటో కూటమి రెండూ ఒప్పుకొంటేగాని వీలులేని 'రెండు తాళంచెవుల' పద్ధతి ఎట్లు పనిచేసినదో, ఎట్లు పనిచేయలేదో చదివిన వారికి కళ్ళకు కట్టినట్లుంటుంది. 1995 మే నెలలో విమాన దాడుల అనంతరం సెర్బులు వందలాది సమితి సైనికులను బందీలుగా పట్టుకొన్నారు. ఆనాటి నుండి తమ సైనికుల క్షేమమే సేనానుల మొదటి చింత అయినది. ప్రజల రక్షణ రెండవ స్థానానికి జారినది. నివేదిక ఈ జారుడును దాచలేదు.

అంతకంటె ముఖ్యమైనది మరొకటి. బోస్నియా యుద్ధాన్ని ఇరుపక్షాల తగాదాగా చూడడం, ఇద్దరినీ సమాన దూరంలో ఉంచడమే ధర్మమని భావించడం అసలు పొరపాటని ఈ పత్రం ఒప్పుకొంటుంది. ఒక జనసముదాయాన్ని భయపెట్టి, వెళ్ళగొట్టి, చంపివేయాలని బుద్ధిపూర్వకంగా పూనుకొన్న పక్షం ముందు మధ్యవర్తి మర్యాదలు చెల్లవని దీని సారాంశం. 1991 సెప్టెంబరు నాటి 713వ తీర్మానం మొత్తం యుగోస్లావియాకు ఆయుధాలు అందకుండా నిషేధించినది. పాత యుగోస్లావు సైన్యపు ఆయుధాగారం సెర్బుల చేతిలో ఉన్నందున, ఆ నిషేధం ఆచరణలో బోస్నియా ప్రభుత్వం చేతులనే కట్టివేసినది. ప్రపంచం తాను వచ్చి రక్షించలేదు, వారిని వారు రక్షించుకొననీయలేదు. ఈ సంగతిని కూడా నివేదిక కప్పిపుచ్చలేదు.

దీనితో ముడిపడిన ఒక చిన్న సంఘటన ఉన్నది. 1993 ఒప్పందం ప్రకారం పట్టణంలోని బోస్నియా సైనికులు తమ భారీ ఆయుధాలను సమితి దళానికి అప్పగించారు. 1995 జూలైలో దాడి మొదలైనప్పుడు ఆ ఆయుధాలు తిరిగి ఇమ్మని అడిగారు. పట్టణ రక్షణ మా బాధ్యత అనే జవాబుతో సమితి దళం ఇవ్వలేదు. ఆ తరువాత ఆ బాధ్యత నెరవేరలేదు. మన పరిభాషలో చెప్పవలసివస్తే ఇది అమానతుకు సంబంధించిన విషయం. ఒకరి ఆయుధాన్ని, దానితో పాటు అతని ప్రాణాన్ని, మాట ఇచ్చి తన వద్ద ఉంచుకొన్నవాడు ఆపదవేళ చేతులు ఎత్తివేయరాదు.

సత్యం కోసం మరొక సంగతి కూడా చెప్పవలసి ఉన్నది. స్రెబ్రెనిత్సా పూర్తిగా నిరాయుధం కాలేదు. అక్కడి నుండి వెళ్ళిన బోస్నియా బృందాలు పరిసర సెర్బు గ్రామాలపై దాడులు చేసిన సందర్భాలున్నవి. వానిలో పౌరులు కూడా మరణించారు. నివేదిక ఈ మాటను దాటవేయక, 1995 నాటి దాడులకు సైనికంగా చెప్పుకోదగిన ప్రాముఖ్యం లేదని, సెర్బు పక్షం వానిని సాకుగా వాడుకొన్నదని తేల్చినది. పీడితుల పక్షాన మాట్లాడేవారు ఆ పక్షంలోని తప్పులను మరుగుపరచనక్కర లేదు. సెర్బు గ్రామీణుని ప్రాణం కూడా ప్రాణమే. అయినా ఆ తప్పులు ఎనిమిది వేల మందిని కట్టివేసి కాల్చడానికి సమర్థన కాజాలవు.

'మేము' అనే మాట

ఇంత నిజాయితీ గల పత్రంలో లోపం లేదా? ఉన్నది. ఆత్మవిమర్శ ఆరంభమైన చోటనే ఆ లోపం కూడా ఆరంభమవుతుంది. కథన భాగంలో పేర్లు, పదవులు స్పష్టంగా ఉన్నవి. గుణపాఠాల భాగానికి వచ్చేసరికి అంతటా 'మేము', 'అంతర్జాతీయ సమాజం'. భద్రతా సమితి, సభ్య దేశాలు, కార్యదర్శి వర్గం, క్షేత్రంలోని సేనానులు అందరూ ఒకే సర్వనామంలో ఇమిడిపోతారు. అందరూ బాధ్యులన్న మాట వినసొంపుగా ఉంటుంది. కాని అందరి భుజాలపై సమానంగా పంచిన బరువును ఎవరూ మోయరు.

పైగా, నివేదికపై సంతకం చేసిన కోఫీ అన్నన్ 1993 మార్చి నుండి శాంతి పరిరక్షక శాఖకు అధిపతి. రువాండా, స్రెబ్రెనిత్సా ఉపద్రవాలు రెండూ ఆయన ఆ పదవిలో ఉండగానే సంభవించినవి. తన శాఖ తప్పులను తానే ప్రచురింపజేయడం మెచ్చుకోదగిన ధైర్యం. అయినప్పటికీ, వాది, ప్రతివాది, న్యాయమూర్తి ఒకే ఆసనంపై కూర్చున్నప్పుడు తీర్పు ఎక్కడికి వచ్చి ఆగుతుందో ఈ పత్రం చూపుతుంది. పశ్చాత్తాపం ఉన్నది, పరిహారం లేదు. బాధితుల తల్లులు నెదర్లాండ్స్ న్యాయస్థానాలను ఆశ్రయించినప్పుడు, సమితికి న్యాయవిచారణ నుండి మినహాయింపు ఉన్నదని 2012లో ఆ దేశపు సర్వోన్నత న్యాయస్థానం తీర్పు ఇచ్చినది. నెదర్లాండ్స్ ప్రభుత్వానికి మాత్రం 2019లో, స్థావరం నుండి బయటకు పంపబడిన సుమారు 350 మంది విషయంలో, నష్టంలో పదవ వంతు బాధ్యత నిర్ణయమైనది. అంతకు ముందే, 2002 ఏప్రిల్‌లో, ఆ దేశ ప్రధాని విమ్ కాక్ మంత్రివర్గం స్రెబ్రెనిత్సాపై విచారణ గ్రంథం వెలువడగానే రాజీనామా చేసినది. ఒక చిన్న దేశం ఆలస్యంగానైనా కొంత బాధ్యత వహించినది. 7,600 మంది చాలునని చేయెత్తిన పెద్ద దేశాలలో ఏ మంత్రివర్గమూ ఇందుకు పదవి వదలలేదు.

రెండవ నివేదిక: రోజుల లెక్క

బ్రాహిమీ నివేదిక స్వరం వేరు. ఇది ఏడ్చే పత్రం కాదు, పని చెప్పే పత్రం. 2000 మే నెలలో సియర్రా లియోన్‌లో తిరుగుబాటుదారులు దాదాపు 500 మంది సమితి సైనికులను నిర్బంధించిన వేడిలో ఇది తయారైనది. న్యూయార్కులోని ప్రధాన కార్యాలయంలో 32 మంది సైనికాధికారులు కూర్చుని, క్షేత్రంలోని 27,000 మంది సైనికులకు ప్రణాళికలు వేస్తున్నారని ఇది లెక్క చూపినది. కొన్ని దేశాల సైనికులు తుపాకులు లేకుండా, కొందరు తుపాకులున్నా శిరస్త్రాణాలు లేకుండా, మరికొందరు వాహనాలు లేకుండా వస్తున్నారని నిర్మొహమాటంగా వ్రాసినది.

దీని సిఫారసులలో మూడు ముఖ్యమైనవి. మొదటిది, తీర్మానం తరువాత సామాన్య శాంతి దళం 30 రోజులలో, క్లిష్టమైన కార్యానికి పోయే దళం 90 రోజులలో క్షేత్రంలో నిలవాలి. ఇందుకై ముందుగానే అధికారుల జాబితాలు, సామగ్రి నిల్వలు సిద్ధంగా ఉండాలి. రెండవది, కావలసిన సైనికులు నిజంగా దొరుకుతారని సభ్య దేశాలు మాట ఇచ్చేవరకు భద్రతా సమితి తన తీర్మానాన్ని ముసాయిదాగానే ఉంచాలి. భద్రతా సమితి వినగోరేది కాక, దానికి తెలియవలసినది కార్యదర్శి వర్గం చెప్పాలి. మూడవది, నిష్పాక్షికత అంటే దుర్మార్గుని, అతని చేత చిక్కినవానిని ఒకే చూపుతో చూడడం కాదు. పౌరులపై హింసను కళ్ళారా చూసిన సైనికునికి, తన శక్తి మేరకు దానిని ఆపే అనుమతి ఉన్నట్లే భావించాలి.

వీటిలో రెండవది సువర్ణాక్షరాలతో వ్రాయదగినది. 34,000కు, 7,600కు మధ్య ఉన్న అగాధంలోనే స్రెబ్రెనిత్సా పడిపోయినది. ఆ అగాధాన్ని పూడ్చగల ఉపాయం ఇదొక్కటే. కాని ఈ సిఫారసు ఆచరణలో నియమంగా నిలువలేదు. తీర్మానం చేసి కీర్తి పొందడం, సైనికులను పిదప వెతకడం అనే పాత అలవాటే గెలిచినది. ఘర్షణల ముందస్తు సూచనలను విశ్లేషించే ఒక విభాగం కావాలన్న సిఫారసుకు కూడా అదే గతి పట్టినది. అది గూఢచర్యానికి దారి తీస్తుందని సభ్య దేశాలు, వానిలో పలు వర్ధమాన దేశాలు, శంకించినవి. పెద్ద దేశాలపై అనుమానం అకారణం కాదు. కాని ఆ అనుమానానికి మూల్యం చెల్లించేది ప్రభుత్వాలు కావు, ముందు హెచ్చరిక అందని గ్రామాలు.

అసలు చిక్కు ఎక్కడ?

ఇక 30 రోజులు, 90 రోజుల లెక్కకు వద్దాము. స్రెబ్రెనిత్సాపై దాడి మొదలైన నాటికి అక్కడ సమితి దళం ఉండబట్టి రెండేళ్ళు దాటినది. దాడి నుండి పతనానికి పట్టినది ఆరు రోజులు. రువాండాలోను అంతే. 1993 అక్టోబరు తీర్మానం ప్రకారం వెళ్ళిన దళం అక్కడే ఉన్నది. దాని సేనాని, కెనడా జనరల్ రోమియో దలైర్ 1994 జనవరి 11ననే ఆయుధాల నిల్వలను గురించి, జరుగబోయే హత్యలను గురించి న్యూయార్కుకు తంతి పంపారు. ఆ నిల్వలను పట్టుకొనే అనుమతి ఆయనకు రాలేదు. ఏప్రిల్ 7న పదిమంది బెల్జియం సైనికులు చంపబడ్డారు. రెండు వారాలకు, అనగా ఏప్రిల్ 21న, భద్రతా సమితి ఆ దళాన్ని పెంచడానికి బదులు 270 మందికి కుదించినది. సుమారు ఎనిమిది లక్షల మంది ప్రాణాలు పోయినవి.

మే నెలలో 5,500 మందిని పంపాలని తిరిగి తీర్మానించారు. ఆనాటికి 19 ప్రభుత్వాలు తమ సైన్యాలను సమితి కోసం సంసిద్ధంగా ఉంచుతామని మాట ఇచ్చి ఉన్నవి. ఆ 19లో ఒక్క ప్రభుత్వం కూడా రువాండాకు పంపడానికి ఒప్పుకోలేదు. ఈ సంగతిని నాటి ప్రధాన కార్యదర్శి బుత్రోస్ ఘాలీ 1995 జనవరిలో స్వయంగా ప్రకటించారు.

ఈ ఒక్క వాస్తవం చాలు. జాబితాలున్నవి, సైన్యాలున్నవి, కాగితంపై సంసిద్ధత ఉన్నది. లేనిది సంకల్పం. బ్రాహిమీ సంఘానికి ఇది తెలియదని అనలేము. సభ్య దేశాల రాజకీయ సంకల్పం లేనిదే ఏ సంస్కరణా ఫలించదని అది కూడా హెచ్చరించినది. కాని హెచ్చరించి, తిరిగి జాబితాలకే వెళ్ళిపోయినది. వీటో అధికారాన్ని గురించి మౌనం వహించినది. సమితి నిబంధనావళిలోని 43వ అధికరణం ప్రకారం సభ్య దేశాలు భద్రతా సమితికి సైన్యాలను అందుబాటులో ఉంచే ఒప్పందాలు చేసుకోవలసి ఉన్నది. 1945 నుండి నేటి వరకు అట్టి ఒప్పందం ఒక్కటీ జరుగలేదు. ఈ ప్రశ్నను కూడా నివేదిక తెరువలేదు. తెరిస్తే తలుపు మూతపడుతుందని భయపడి ఉండవచ్చు. దౌత్యవేత్తగా అది వివేకం కావచ్చును. విమర్శకునికి మాత్రం ఆ మౌనం కనిపించక తప్పదు.

సంఘం కూర్పు విషయంలో కూడా ఒక మాట చెప్పవలసి ఉన్నది. పదిమంది సభ్యులలో అమెరికా, బ్రిటన్, జర్మనీ, రష్యా, జపాన్, స్విట్జర్లాండ్, న్యూజీలాండ్ దేశీయులున్నారు. దక్షిణాసియా నుండి ఒక్కరూ లేరు. యుగోస్లావియాలో సమితి దళాలకు 1992లో మొట్టమొదటి సేనానిగా వ్యవహరించినవారు భారత లెఫ్టినెంట్ జనరల్ సతీష్ నంబియార్. నివేదిక వ్రాస్తున్న వేసవిలోనే సియర్రా లియోన్‌లో సమితి దళాలకు నాయకత్వం వహిస్తున్నవారు భారత మేజర్ జనరల్ విజయ్ జెట్లీ. జూలైలో కైలాహున్ వద్ద చిక్కుకొన్న సైనికులను ఆపరేషన్ ఖుక్రీ ద్వారా విడిపించినది ఆయన దళాలే. భారత్, బంగ్లాదేశ్, పాకిస్తాన్ సమితికి అత్యధిక సంఖ్యలో సైనికులను పంపే దేశాలలోనివి. రక్తం ఒకచోటు నుండి, సలహా మరొకచోటు నుండి రావడం ఈ వ్యవస్థలోని పాత జబ్బు. సంసిద్ధతను గురించి వ్రాసే గ్రంథంలో ఆ జబ్బు లక్షణం కనబడడం విచారకరం.

నివారణకు ఒక ఉదాహరణ

సంఘర్షణ మొదలయ్యాక ఆపడం కంటె ముందుగానే నివారించడం మేలని రెండు నివేదికలూ ఒప్పుకొంటాయి. ఒప్పుకొని ముందుకు సాగిపోతాయి. బ్రాహిమీ నివేదికలో నివారణకు దక్కిన చోటు బహు స్వల్పం. అయితే అందుకు అద్భుతమైన ఉదాహరణ అదే యుగోస్లావియా శిథిలాలలో ఉన్నది.

1992 డిసెంబరులో, మేసిడోనియాలో ఒక్క తుపాకీ పేలకముందే, ఆ దేశపు కోరికపై భద్రతా సమితి అక్కడికి సైనికులను పంపినది. సమితి చరిత్రలో నివారణ కోసమే పంపిన మొదటి దళం అది. సుమారు వెయ్యిమంది సైనికులు సరిహద్దుల వెంబడి కాపలా కాశారు. పౌర అధికారులు మేసిడోనియా ప్రభుత్వానికి, అక్కడి ముస్లిములలో అధిక సంఖ్యాకులైన అల్బేనియన్లకు మధ్య మాటలు సాగించారు. బోస్నియా దగ్ధమవుతున్న కాలమంతా మేసిడోనియా నిలబడినది. 1999 జనవరిలో ఆ దేశం తైవాన్‌ను గుర్తించినది. ఫిబ్రవరి 25న దళం గడువు పొడిగింపును చైనా వీటో చేసినది. దళం వెళ్ళిపోయినది. నెల తిరగకుండానే కొసావో యుద్ధం తీవ్రమై లక్షలాది శరణార్థులు మేసిడోనియాలోకి వచ్చిపడ్డారు. 2001లో అక్కడ సాయుధ ఘర్షణ చెలరేగి, ఆగస్టులో ఒహ్రిద్ ఒప్పందంతో చల్లారినది.

దళం ఉండి ఉంటే 2001 నాటి ఘర్షణ వచ్చేది కాదని ప్రమాణం చేయలేము. నివారణకు ఉన్న దురదృష్టం అదే. జరిగిన హత్యలను లెక్కించవచ్చు, జరుగకుండా ఆగినవాటిని లెక్కించలేము. అందుకే నివారణకు డబ్బు అడిగేవాడు ఎప్పుడూ ఋజువు లేనివాడుగానే నిలబడవలసి వస్తుంది. ఇట్టి విజయాన్ని విప్పి చూపి, వెయ్యిమంది ముందుగా వెళ్ళినచోట ఏమైనది, వేలమంది ఆలస్యంగా వెళ్ళినచోట ఏమైనది అని పోల్చి ఉంటే బ్రాహిమీ నివేదిక రెండింతలు విలువైనదయ్యేది.

మన లెక్క

ఇతరుల నివేదికలను తూచే త్రాసులో మనలను కూడా తూచుకోవాలి. 1993 జూలైలో ఇస్లామాబాద్‌లో సమావేశమైన ముస్లిం దేశాల విదేశాంగ మంత్రులు బోస్నియాకు వేలాది సైనికులను పంపుతామని ప్రకటించారు. కొన్ని దేశాలు నిజంగానే పంపినవి. 1994లో బిహాచ్ చేరిన బంగ్లాదేశ్ పటాలం బోస్నియా చలికి తగిన దుస్తులు లేకుండా, అందరికీ సరిపడే ఆయుధాలు లేకుండా ముట్టడిలో నిలబడవలసి వచ్చినది. ఆ సైనికుల ఓర్పుకు వందనం. కాని ఉమ్మత్‌లో చమురు సంపద గల దేశాలుండగా, సాటివారి సైనికులకు బూట్లు, కోట్లు, తుపాకులు ఎందుకు సమకూరలేదన్న ప్రశ్నకు పడమటి దేశాలు జవాబుదారులు కావు.

దివ్య ఖుర్ఆన్ అల్ హుజురాత్ సూరా 9వ ఆయత్‌లో విశ్వాసుల రెండు వర్గాలు పోరాడుకొన్నప్పటి కర్తవ్యం చెప్పబడినది. ముందు సంధి చేయించడం, ఒకరు హద్దు మీరితే వారు దైవాజ్ఞకు మరలివచ్చే వరకు వారినెదిరించడం, మరలివచ్చిన పిమ్మట న్యాయంతో రాజీ కుదర్చడం దాని భావం. విశ్వాసుల వర్గాలను గురించిన ఈ ఆజ్ఞను బోస్నియా యుద్ధానికి యథాతథంగా అన్వయించరాదు. అయితే 1980 నుండి 1988 వరకు సాగిన ఇరాన్ ఇరాక్ యుద్ధానికి ఇది అక్షరాలా వర్తించేది. ఇస్లామీ దేశాల సంస్థ నియమించిన శాంతి సంఘం రెండు రాజధానులకూ పలుమార్లు వెళ్ళినది. మొదటి మెట్టు ఎక్కినది, రెండవ మెట్టుపై కాలు పెట్టలేదు. హద్దు మీరినది ఎవరో చెప్పే సాహసం కూడా చేయలేకపోయినది. ఎనిమిదేళ్ళ తరువాత కాల్పులు ఆగినది భద్రతా సమితి 598వ తీర్మానంతో.

మక్కాలో ప్రవక్త పదవికి పూర్వం దైవప్రవక్త ముహమ్మద్ (స) పాల్గొన్న హిల్ఫుల్ ఫుజూల్ ఒప్పందం పాఠకులకు తెలిసినదే. దౌర్జన్యానికి గురైనవాడు ఏ తెగవాడైనా సరే, అతని హక్కు అతనికి ఇప్పించేవరకు కలిసి నిలబడతామన్నది ఆ ఒడంబడిక. ఈ దృష్టితో చూస్తే స్రెబ్రెనిత్సాకు కన్నీరు కార్చిన మనం, రువాండాను గురించి ఎంత వ్రాశాము, ఎంత చదివాము అని కూడా ప్రశ్నించుకోవలసి ఉన్నది.

నివేదికల తరువాత

పాతికేళ్ళు గడచినవి గనుక ఈ గ్రంథాలను వాటి ఫలితాలతో కూడా తూచవచ్చు. 2013 డిసెంబరులో దక్షిణ సూడాన్‌లో అంతర్యుద్ధం రగిలినప్పుడు, సమితి స్థావరాల ద్వారాలు తెరుచుకొన్నవి. వేలాది పౌరులు లోపల తలదాచుకొన్నారు. పొటోచారిలో మూతపడిన ద్వారం అక్కడ తెరుచుకొనడం వెనుక, ఈ రెండు నివేదికలు మార్చిన ఆలోచన ఉన్నదనడం అతిశయోక్తి కాదు. డిసెంబరు 19న అకోబోలోని స్థావరంపై దాడిలో ఇద్దరు భారత సైనికులు ప్రాణాలర్పించారు. ఐదు రోజులకు భద్రతా సమితి మరో 5,500 మందిని పంపాలని తీర్మానించగా, వారు పూర్తిగా చేరడానికి నెలలు పట్టినది. 2016 జూలైలో జూబా పోరాటంలో, పక్కనే సమితి దళం ఉండి కూడా పౌరుల రక్షణకు కదలలేదని విచారణలో తేలి, సేనానిని తొలగించారు. ఆలోచన కొంత మారినది. అలవాటు అంతగా మారలేదు.

రువాండాలో వట్టిదని తేలిన పాత సంసిద్ధతా జాబితాల స్థానంలో 2015 నుండి కొత్త నమోదు పద్ధతి వచ్చినది. ఇందులో తనిఖీలున్నవి, 60 రోజులలో కదలగలమని హామీ ఇచ్చే తరగతి ఉన్నది. పాతదాని కంటె మేలే. అయినా ఏ సందర్భానికి పంపాలో, మానాలో నిర్ణయించే హక్కు ప్రతి ప్రభుత్వం తన వద్దనే ఉంచుకొన్నది. అదే సంవత్సరం జూలైలో స్రెబ్రెనిత్సా జాతి సంహారాన్ని ఖండించే తీర్మానాన్ని భద్రతా సమితిలో రష్యా వీటో చేసినది. 2024 మే 23న సర్వప్రతినిధి సభ జూలై 11ను స్మరణ దినంగా ప్రకటించినప్పుడు అనుకూలంగా వచ్చిన ఓట్లు 84, వ్యతిరేకంగా 19, తటస్థంగా ఉన్నవారు 68 మంది. స్మరించుకొనే విషయంలోనే ఇంతమంది తటస్థులుంటే, రక్షించే విషయంలో ఎందరుంటారో ఊహించవచ్చు.

ఈ రెండు గ్రంథాలను కలిపి చదవడం అవసరం. స్రెబ్రెనిత్సా నివేదికను మాత్రమే చదివినవారు పశ్చాత్తాపంతో తృప్తిపడే ప్రమాదమున్నది. బ్రాహిమీ నివేదికను మాత్రమే చదివినవారు ఏర్పాట్లు సరిగా ఉంటే అంతా సవ్యంగా జరుగుతుందని భ్రమపడే ప్రమాదమున్నది. ఒకటి చెప్పిన న్యాయబుద్ధికి మరొకటి చెప్పిన కాళ్ళు చేతులు కావాలి. రెండూ చెప్పక వదిలినది ఒకటున్నది. బలగం లేకుండా ఇచ్చిన రక్షణ వాగ్దానం, వాగ్దానమే లేకపోవడం కంటె ప్రమాదకరమైనది. స్రెబ్రెనిత్సా ప్రజలకు ఎవరూ ఏ మాటా ఇవ్వకుంటే, వారు తమ ఆయుధాలను అప్పగించేవారు కారు. కొందరు ముందే కొండలు దాటి పోయేవారు. మాటను నమ్మి ఉండిపోయారు. కనుక ఇకమీదట ఏ సభలోనైనా, అది న్యూయార్కులో కానీ, జిద్దాలో కానీ, ఒక పట్టణానికి రక్షణ ప్రకటించినప్పుడు మన పత్రికలు హర్షం వ్రాసే ముందు అడుగవలసిన ప్రశ్న ఇది: ఎంతమంది, ఎవరి సైనికులు, ఏ తేదీకి?